ప్రవరకు పట్టిన రెండు నిమిషాలు

మా ముత్తాతగారు కృష్ణాతీరాన ఒక చిన్న గ్రామానికి కరణం. చదువురాని రైతులకు కలెక్టరుగారికి పంపుకోవలసిన అర్జీలు వ్రాసిపెట్టేవారు. అందుకు ప్రతిఫలంగా ఒక్క గుమ్మడికాయను కూడా గడప దాటి లోపలికి రానిచ్చేవారు కారు. మా తాతగారు తమ పశువుల పాకను ఖాళీ చేయించి అందులో ఊరికి బడి పెట్టించినారు. పశువులను పెరటిలో కట్టించి, ఆ వానకాలమంతా మా బామ్మగారి చేత చీవాట్లు తిన్నారు. ఆ బామ్మగారే మంత్రసాని అందుబాటులో లేని వేళలలో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసినారు. మా నాన్నగారు తెలుగు పండితులు. మా ఇంట ఏ రోజు చూచినను ముగ్గురో నలుగురో పరాయి పిల్లలు ఉండి, తిని, చదువుకునేవారు. మా అమ్మగారు వారికి వడ్డిస్తూ వింటూనే ఛందస్సంతా నేర్చుకున్నారు. నేను వారి రెండవ కుమార్తెను, రాజ్యలక్ష్మిని. ముప్పై ఒక్క సంవత్సరాలు బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినదానను.

ఇంతవరకు మీరు ఓపికగా చదివినారు, సంతోషం. ఇవే మాటలను ఇంగ్లీషులో, ఆగి ఆగి, తగిన గౌరవంతో పలికితే సరిగ్గా రెండు నిమిషాలు పడుతుంది. ఈ సంగతి నాకిప్పుడు బాగా తెలుసు. అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభవారి సంఘంలో ఉన్న పదకొండుమంది సభ్యులకు కూడా తెలుసు. వారి ఎదుట నేను చేసిన నిర్వాకం గుర్తుకు వచ్చినప్పుడల్లా మా మనవరాలు ప్రణతి సోఫా దిండులో మొహం దాచుకొని నవ్వుతున్నది. నవ్వనీయండి. నేనే ముందుగా చెప్పివేస్తే, అది చెప్పేటప్పుడు చేర్చే అతిశయోక్తులైనా తప్పుతవి.

నేను అరబ్బు దేశంలోని అల్ ఖోబర్‌లో మా అమ్మాయి సుజాత ఇంట ఉంటున్నాను. అల్లుడుగారు ఇంజనీరు. ప్రణతి ఇండియన్ స్కూలులో పదకొండవ తరగతి. అల్లుడుగారి కంపెనీ ఇచ్చిన కాంపౌండులో మా పక్క విల్లా మార్గరెట్‌ది. ఆమె భర్త కూడా ఆ కంపెనీలోనే పని చేస్తున్నారు. మార్గరెట్‌కు నాకన్నా ఐదారేళ్ళు తక్కువ ఉంటవి. స్వదేశమైన అమెరికాలో ఒక బడిలో నర్సుగా చేసినది. మా స్నేహానికి కారణం నా కరివేపాకు మొక్క. జులై మాసపు ఎండకు అది వాడిపోతుంటే, నేను కుండీ చుట్టూ తడిగుడ్డ చుట్టుతున్నాను. గోడ అవతలి నుంచి ఆమె తొంగి చూచి, "దానికి జ్వరం ఎంత ఉన్నది?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నేను అరగంటసేపు నవ్వినాను. అప్పటినుంచి సాయంకాలపు అసర్ నమాజు వేళ దాటగానే ఇద్దరం కలిసి నడకకు వెళుతున్నాము. ఆమె నన్ను "టీచర్" అంటుంది. నా ఇంగ్లీషు పుస్తకపు ఇంగ్లీషు, ఆమెకు అర్థమవుతుంది. మిగిలినది చేతులతో సరిపెట్టుకుంటాము.

ఒక శుక్రవారం నాడు ఆమె తన మనవడితో వీడియోలో మాట్లాడుతుండగా నేను ఉప్మా గిన్నె పట్టుకొని వెళ్ళినాను. పిల్లవాడి పేరు ఈథన్, ఆరేళ్ళు. వాళ్ళ అమ్మ ఉద్యోగం నుంచి వచ్చేవరకు ఎదురింటి ఆవిడ దగ్గర ఉంటాడు. ఆ రోజు వాడు చాలా మామూలుగా, బడిలో పెన్సిలు పోయినదని చెప్పినంత మామూలుగా చెప్పినాడు.

"గ్రాండ్మా, నేను వాళ్ళింట్లో బిస్కెట్ల కోసం డ్రాయర్ తీశాను. బిస్కెట్లు లేవు. నిజం తుపాకి ఉంది. మళ్ళీ మూసేశాను."

మార్గరెట్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయినది. అయినను గొంతు మారకుండా, "మూసివేసి చాలా మంచిపని చేసినావు నాన్నా" అన్నది. ముప్పై ఏళ్ళు పిల్లల మోకాళ్ళకు కట్లు కట్టిన మనిషి కదా! ఫోను పెట్టివేసిన తరువాత మాత్రం నా చేతిలోని గిన్నెను తీసుకొని ఎక్కడ పెట్టవలెనో తెలియక నిలబడిపోయినది.

ఆమె కూతురు వెళ్ళి ఎదురింటి ఆవిడను అడిగితే, "మీవాణ్ణి డ్రాయర్లు తీయవద్దని చెప్పుకోండి" అని వచ్చినదట సమాధానం. పిల్లవాణ్ణి ఉంచుకొనేవారు ఆ వీధిలో మరొకరు లేరు.

అప్పుడే తెలిసినది, వాళ్ళ రాష్ట్రంలో దానికి సంబంధించిన బిల్లు ఒకటి నడుస్తున్నదని. పిల్లలు ఉండగల ఇంటిలో తుపాకి ఉంటే దానికి తాళం వేసి ఉంచవలెను. అంతే. తుపాకిని తీసివేయమని కాదు, కొనవద్దని కాదు. తాళం. ఇంత చిన్న మాటకు పద్నాలుగు పుటల బిల్లు ఎందుకో నాకు తెలియదు, కాని ఉన్నది. ఆ బిల్లు ఎక్కడికి కదిలినా మార్గరెట్‌కు మెయిలు వచ్చే ఏర్పాటు ఒకటి ప్రణతి చేసిపెట్టినది. ట్రాకర్ అంటారట. మెయిళ్ళు రానైతే వచ్చినవి. చదివిన కొద్దీ మార్గరెట్‌కు తలనొప్పి కూడా వచ్చినది.

"నాకేమీ అర్థం కావటం లేదు టీచర్. సగం గీతలు కింద ఉన్నవి, సగం గీతలు మాటల మీదనే ఉన్నవి."

నేను కళ్ళజోడు సవరించుకొని చూచినాను. చూచి, నిజం చెబుతున్నాను, నా ప్రాణం లేచి వచ్చినది! క్రొత్తగా చేర్చిన మాటల క్రింద గీత. తీసివేసిన మాటలకు అడ్డంగా కొట్టివేత. నాకు చట్టాలు తెలియవు. కాని దిద్దిన కాగితం చదవడం తెలుసు. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను చేసిన పని మరేమిటి?

ఆ రోజునుంచి ఆ బిల్లు నా అధీనంలోనికి వచ్చినది. ఏ తేదీన ఏ సంఘానికి వెళ్ళినది, ఎవరు సవరణ పెట్టినారు, తరువాత ఏమి కావలెను అన్నది ఒక పెద్ద కాగితంపై గళ్ళు గీసి తెలుగులో వ్రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించినాను. అంతకుముందు అక్కడ ఉన్న సరుకుల జాబితాను తీసివేయక తప్పలేదు.

"అమ్మా, పాలు అయిపోయాయని ఎక్కడ రాయాలి?" అన్నది సుజాత.

"వ్రాయడమెందుకు? వెళ్ళి తెచ్చుకో."

"బిల్లు కమిటీకి చేరిందిట గానీ మనింటికి పాలు చేరటం లేదండీ" అని అల్లుడుగారికి వినబడేటట్లు గొణిగినది. ఆయన ఉత్తములు, బ్లాక్ టీతో సరిపెట్టుకున్నారు.

మూడవ సవరణ వచ్చిన నాడు నేను దానిని ఎర్ర కలం పట్టుకొని చదువుతున్నాను. తొమ్మిదవ పుట. మొదట "బిడ్డ ఉండగల ఏ ఇంటనైనను" అని ఉండేది. ఆ మాటలను కొట్టివేసి, "బిడ్డ నివసించు ఇంట" అని చేర్చినారు. పైకి చూస్తే ఏమున్నది? రెండూ బిడ్డ ఉన్న ఇండ్లే కదా అనిపిస్తుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్క విల్లాకు పరుగెత్తినాను.

"మార్గరెట్! ఈథన్ ఆ ఎదురింట నివసించుట లేదు! వాడు అక్కడికి వచ్చి వెళుతున్నాడు. ఈ మాటతో వాడు బిల్లులోనుంచి బయటపడిపోయినాడు!"

ఆమె ఆ పుటను అప్పటికి నాలుగుసార్లు చదివినదట. అయిదవసారి చదివి, కాగితం ప్రక్కన పెట్టి, నన్ను గట్టిగా కౌగిలించుకొని, "ఇది మీరే కనిపెట్టినారు. మీరే వాళ్ళకు చెప్పాలి" అన్నది.

ఆ కౌగిలితోనే నా పతనం ప్రారంభమైనది.

ఆ సంఘం బహిరంగ విచారణ జరుపుతుందట. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. రాలేనివారు కంప్యూటరులో మాట్లాడవచ్చు. ఆ రాష్ట్రవాసులే కానక్కరలేదు. అదే చివరి విచారణ. అక్కడ ఆ పంక్తిని తిరిగి చేర్చకపోతే ఇక ఈ ఏడాదికి చేర్చే అవకాశం లేదు. మేమిద్దరం పని పంచుకున్నాము. నేను కొట్టివేసిన పంక్తి సంగతి చెప్పవలెను. మార్గరెట్ పిల్లవాడి సంగతి చెప్పవలెను. ఒకరిది లేకపోతే మరొకరిది అర్థం కాదు.

మనిషికి రెండు నిమిషాలు.

నియమావళిని ఆసాంతం చదివినాను. నా ఉపన్యాసం వ్రాసుకున్నాను. ప్రణతి ఫోనులో సమయం చూస్తుండగా తొమ్మిదిసార్లు సాధన చేసినాను. ఒక నిమిషం యాభై సెకన్లు! ప్రతిసారీ అంతే. అటు ఇటు రెండు సెకన్లు.

"అమ్మమ్మా, super! అచ్చం ఇట్లాగే చెప్పెయ్. Extra ఏమీ కలపకు."

"నేనెందుకు కలుపుతాను?" అన్నాను.

ఇక్కడ నా పొరపాటు ఏమిటో మీకు వివరించవలెను. ప్రవరను నేను ఉపన్యాసంలో భాగంగా ఎన్నడూ లెక్కించలేదు. సభలో నోరు తెరిచేముందు తాను ఎవరి బిడ్డనో, తనవారు లోకానికి ఏమి చేసినారో చెప్పుకొని, అటు తరువాత విషయానికి రావడం మా ఇంటి ఆచారం. అది భోజనానికి ముందు కాళ్ళు కడుగుకోవడం వంటిది. భోజనం ఎంతసేపు చేసినారని అడిగితే కాళ్ళు కడిగినది కూడా కలిపి చెబుతారా? మా పాఠశాల వక్తృత్వపు పోటీలలో కూడా సభకు నమస్కారం, గురువులకు వందనం, పెద్దల స్మరణ ముగిసిన తరువాతనే గడియారం చూచేవాళ్ళము. ఆ గడియారం పట్టుకొని కూర్చున్నది ముప్పై ఒక్క సంవత్సరాలు నేనే! కనుక ప్రణతికి ఆ సంగతి చెప్పవలెనని నాకు తోచనే లేదు. సాధన చేయవలెనని అంతకన్నా తోచలేదు. ప్రవర ఎవరైనా సాధన చేస్తారా?

పేర్ల నమోదు వాళ్ళ ఉదయం ఎనిమిదింటికి, అనగా మన సాయంత్రం అయిదింటికి మొదలు. నేను నాలుగూ ముప్పావుకే ప్రణతిని కుర్చీలో కూర్చోబెట్టినాను. అయిదు కొట్టిన నిమిషంలో నా పేరు ఎక్కినది. వరుసలో నాలుగవది! మార్గరెట్ ఆ సాయంత్రం భర్తకు పంటినొప్పి అయితే పక్క ఊరు దమ్మామ్ వెళ్ళి, తిరిగి వచ్చి పేరు ఇచ్చుకునేసరికి పదకొండవది వచ్చినది. చిట్టచివరిది.

"సమయపాలన అంటే ఇదీ" అని మార్గరెట్‌తో కొంచెం గర్వంగానే అన్నాను. ఆమె నవ్వి, "మీరు ముందు పంక్తి చెప్పండి, నేను చివర వాడి సంగతి చెబుతాను. ఈ క్రమమే బాగున్నది" అన్నది. అంత మంచి మనిషి ఆమె.

విచారణనాడు వాళ్ళకు ఉదయం తొమ్మిది, మాకు సాయంత్రం ఆరు. నేను వెంకటగిరి చీర కట్టుకున్నాను. రెండు కంప్యూటర్లు ఒకే గదిలో ఉంటే ప్రతిధ్వని వస్తుందని మార్గరెట్ తన దానితో మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నది. నేను హాలులో. ప్రణతి కెమెరాకు కనబడకుండా నా ప్రక్కన నేల మీద. సుజాత తలుపు దగ్గర. ఈథన్ వాళ్ళ అమ్మ ఆ పూట సెలవు పెట్టి అక్కడ టీవీలో చూస్తున్నదట. సంఘాధ్యక్షుడు మర్యాదస్తుడే. పది గంటలకు పూర్తి సభ మొదలవుతుంది కాబట్టి పదికి సరిగ్గా ముగించవలసి ఉంటుందని ముందే చెప్పినాడు. మొదటి అరగంట వేరే బిల్లులకే సరిపోయినది.

మొదట మాట్లాడినవారిలో ఒక రైతు బిల్లుకు వ్యతిరేకి. తన ఇంట తుపాకికి తాళం వేయడమూ వేయకపోవడమూ తన ఇష్టమేనని టోపీ తీసి చేతిలో పట్టుకొని చెప్పినాడు. ఆయన అభిప్రాయంతో నేను ఏకీభవించలేదు. కాని ఒక్క వాక్యం కూడా తడబడలేదు. మనసులోనే నూటికి డెబ్బై వేసినాను. బయట మసీదులో రాత్రి నమాజుకు పిలిచే ఇషా అజాన్ మొదలైనది. సుజాత కిటికీ మూసినది. నా పేరు పిలిచినారు.

నేను నమస్కరించినాను. కంఠం సవరించుకున్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టినాను.

"అధ్యక్షా! సభ్యులారా! మా ముత్తాతగారు కృష్ణానది ఒడ్డున ఒక గ్రామానికి కరణం..."

ప్రణతి తల ఎత్తినది.

కరణం అనగా ఏమిటో వాళ్ళకు తెలియదు కదా, అది వివరించినాను. గుమ్మడికాయ సంగతి చెప్పినాను. తెర మూలన ఒక చిన్న ఆకుపచ్చ గడి వెలుగుతున్నది, బాగున్నదనుకున్నాను. తాతగారి పశువుల పాక దగ్గరకు వచ్చేసరికి ప్రణతి నా చీర కుచ్చెళ్ళు పట్టి లాగుతున్నది. నా కంఠం వినబడటం లేదు కాబోలని ఇంకొంచెం బిగ్గరగా చెప్పినాను. బామ్మగారి పురుళ్ళ దగ్గర ఆ గడి పసుపుపచ్చగా మారినది. ప్రణతి రెండు చేతులూ గాలిలో ఆడిస్తున్నది. నిదానంగా చెప్పమంటున్నది కాబోలనుకొని నిదానించినాను. నాన్నగారు, అమ్మగారు, ఛందస్సు... గడి ఎర్రబడినది. మంగళప్రదంగా ఉన్నదనుకున్నాను!

"ఇక నేను వారి రెండవ కుమార్తెను..." అన్నాను.

"ధన్యవాదాలు మేడమ్. మీ సమయం ముగిసినది" అన్నాడు అధ్యక్షుడు.

"అయ్యా! నేను ఇంకా ప్రారంభించనే లేదు!"

ఆ గదిలో ఎంత నవ్వు పుట్టినదో ఏమి చెప్పను! టోపీ రైతు కూడా నవ్వినాడు. అధ్యక్షుడు నవ్వును ఆపుకొని, "మరి ఇంతసేపు మీరు మాట్లాడినది ఏమిటి మేడమ్?" అన్నాడు.

"అది ప్రవర. అది లెక్కలోనికి రాదు."

"ఈ సంఘంలో వస్తుంది."

"ఎట్లా వస్తుంది? మీ పరిచయాన్ని మీరు ఉపన్యాసం అంటారా? పోటీలలో..."

"అమ్మమ్మా, వదిలెయ్, please!" అని ప్రణతి క్రిందనుంచి. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను" అని సుజాత తలుపు దగ్గరనుంచి. నేను వదలలేదు. న్యాయం నా పక్షాన ఉన్నదన్న ధీమా! కాళ్ళు కడుగుకునే ఉపమానం కూడా చెప్పినాను. నిమిషమున్నర గడిచిన పిమ్మట వాళ్ళే నా మైకు కట్టివేసినారు. కట్టివేసిన తరువాత కూడా కొంత చెప్పినాను. అది మా ఇంటివారు మాత్రమే విన్నారు.

తరువాత ఆరుగురు మాట్లాడినారు. నేను మొహం ముడుచుకొని కూర్చున్నాను. నా ఉపన్యాసం నా ఒడిలో ఉన్నది. అప్పటికి నా బాధంతా దాని కోసమే. ఆరవ మనిషి ముగించగానే అధ్యక్షుడు గడియారం వంక చూచినాడు.

"సమయమైనది. వరుసలో మిగిలినవారు దయచేసి తమ అభిప్రాయాన్ని వ్రాసి పంపవచ్చును."

వరుసలో మిగిలినవారు అంటే ఒక్కరే.

వంటింటి గుమ్మంలో మార్గరెట్ నిలబడి ఉన్నది. ముత్యాల గొలుసు పెట్టుకొని, జుట్టు దువ్వుకొని, చేతిలో కళ్ళజోడు పట్టుకొని ఉన్నది. "నన్ను పిలిచినారా? నాకు వినబడలేదా?" అని ప్రణతిని అడిగినది. "సమయం అయిపోయింది" అన్నది ప్రణతి. నా వంక చూడలేదు. నాకు అప్పుడు లెక్క తెలిసినది. ప్రవర రెండు నిమిషాలు, దాని కోసం వాదించినది నిమిషమున్నర. నేను పంక్తీ చెప్పలేదు, ఆమె పిల్లవాడి సంగతీ చెప్పనీయలేదు. అక్కడ ఒక తల్లి సెలవు పెట్టుకొని మరీ టీవీ ముందు కూర్చున్నది.

"పరవాలేదు టీచర్" అన్నది మార్గరెట్. తిట్టినా బాగుండేది.

నేను లేవబోతున్నాను. ఇంతలో అధ్యక్షుడు, "ముగించేముందు మాట్లాడినవారిని సభ్యులెవరైనా ప్రశ్నించదలచినారా?" అని అడిగినాడు. వరుసకు చివర కూర్చున్న ఒక నెరసిన జుట్టు ఆవిడ చేయి ఎత్తినది.

"ఇంకా ప్రారంభించలేదని చెప్పిన ఆవిడకు నాదొక ప్రశ్న. ఆవిడ ప్రారంభించి ఉంటే ఏమి చెప్పేవారు?"

మళ్ళీ నవ్వులు. కాని ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగినది.

"అమ్మమ్మా! నిన్నే! Answer చెప్పేటప్పుడు timer ఉండదు! Rules లో ఉంది, నేను చదివాను! చెప్పు, చెప్పు!"

సమయం లేదు! అనగా పరిమితి లేదు! నా చేతిలో కాగితం ఉన్నది. తొమ్మిదిసార్లు సాధన చేసినది. మొదటి వాక్యం నాలుక చివరనే ఉన్నది. నిజం చెప్పవలసి వస్తే, ఆ ఒక్క క్షణంలో ఆ కాగితాన్ని నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. పైకి చూచినాను. మార్గరెట్ గుమ్మంలోనే ఉన్నది. అక్కడనుంచే నాకు చేయి ఊపి, మీరు చెప్పండి, మీరు చెప్పండి అని సైగ చేస్తున్నది.

"అమ్మా," అన్నాను తెరలోని ఆవిడతో, "ఆ ప్రశ్నకు నాకన్నా బాగా సమాధానం చెప్పగలిగినవారు మా వంటింట్లో ఉన్నారు. పిలుస్తున్నాను."

లేచినాను. మార్గరెట్ చేయి పట్టుకొని తీసుకొనివచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టినాను. నా కాగితం ఆమె చేతిలో పెట్టినాను. ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన పుట సంఖ్య, పంక్తి సంఖ్య అందులో ఉన్నవి.

ఆమె కళ్ళజోడు పెట్టుకున్నది. తనకు ఆరేళ్ళ మనవడు ఉన్నాడన్నది. వాడు బిస్కెట్ల కోసం డ్రాయర్ తీసినాడన్నది. అందులో ఏమి ఉన్నదో చెప్పినది. వాడు దానిని మూసివేసినాడని, ఎందుకు మూసివేసినాడో తనకు ఇప్పటికీ తెలియదని, మరొక రోజు మూసివేయకపోవచ్చునని చెప్పినది. "వాడు ఆ ఇంట నివసించడు. మధ్యాహ్నం మూడున్నరనుంచి ఆరు వరకు ఉంటాడు. మీరు కొట్టివేసిన పంక్తిలో వాడు ఉన్నాడు. ఇప్పుడున్న పంక్తిలో లేడు."

అంతే చెప్పినది. ముత్తాతలు లేరు, గుమ్మడికాయలు లేవు.

నెరసిన జుట్టు ఆవిడ ముందుకు వంగి, "ఏ పంక్తి?" అని అడిగినది. మార్గరెట్ నా కాగితం చూచి, "తొమ్మిదవ పుట, పదునాలుగవ పంక్తి" అని చదివినది. అప్పుడు ఆ గదిలో పదకొండుమందీ ఒక్కసారిగా కాగితాలు తిప్పినారు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. తరగతి మొత్తం ఒకేసారి పుస్తకం తెరిచినప్పుడు వచ్చే చప్పుడు. నాకు కంటనీరు వచ్చినదని ప్రణతి అంటున్నది. అది అతిశయోక్తి, కొంచెమే వచ్చినది.

రెండు రోజుల తరువాత ట్రాకర్ మెయిలు వచ్చినది. కొట్టివేసిన మాటల మీద కొట్టివేత లేదు! బిల్లు సంఘాన్ని దాటి పూర్తి సభకు వెళ్ళినది. ఇంకా చట్టం కాలేదు, కావడానికి ఇంకా చాలా మెట్లు ఉన్నవి. టోపీ రైతు వంటివారు అక్కడ కూడా ఉంటారు, వారికీ రెండేసి నిమిషాలు ఇస్తారు.

అయితే ఆ ఎదురింటి ఆవిడ చట్టం కోసం ఆగలేదు. ఆమె కూడా ఆ విచారణను టీవీలో చూచినదట. ఆ సాయంత్రమే మార్గరెట్ కూతురికి ఫోను చేసి, "నా డ్రాయర్ సంగతి ఊరందరికీ చాటవలసిన అవసరం ఏమొచ్చింది?" అని కొంచెం కోపంగానే అడిగి, మరునాడు అంకెలు తిప్పితే తెరుచుకునే ఇనుపపెట్టె ఒకటి కొన్నది. వచ్చిన శుక్రవారం వీడియోలో ఈథన్ మొహం ముడుచుకొని ఫిర్యాదు చేసినాడు.

"గ్రాండ్మా, వాళ్ళింట్లో కొత్త పెట్టె కొన్నారు. నంబరు ఎంత అడిగినా చెప్పటం లేదు. నాలుగు రోజులుగా అడుగుతున్నాను!"

"నేను అడిగినా చెప్పరు నాన్నా" అన్నది మార్గరెట్. ఫోను పెట్టివేసి, నా భుజం మీద తల ఆనించి, ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియకుండా చాలాసేపు ఉండిపోయినది. నేను తెచ్చిన ఉప్మా ఆ రోజు కూడా చల్లారిపోయినది. మళ్ళీ వేడి చేసినాను.

ఆ సంఘంవారు విచారణ నివేదికను తమ వెబ్‌సైటులో పెట్టినారు. మాట్లాడిన ప్రతి ఒక్కరిని గూర్చి ఒక్కొక్క వాక్యం. ప్రణతి దానిని ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించినది. నా పేరు ఎదుట, "వీరు తమ కుటుంబ చరిత్రను వివరించినారు" అని ఉన్నది. అల్లుడుగారు మొదటిసారిగా నోరు విప్పి, "మీ ముత్తాతగారు అమెరికా ప్రభుత్వ రికార్డుకెక్కారు అత్తయ్యగారూ" అన్నారు.

పెద్దలు నాకు అందించినవి చెప్పి మొదలుపెట్టినాను కాబట్టి, నేను అందించినవి కూడా ఉన్నవి ఉన్నట్లు చెప్పి ముగిస్తాను. మార్గరెట్‌కు ఒక కుర్చీ అందించినాను. ఒక కాగితం అందించినాను. ప్రణతికి దిద్దిన బిల్లు చదవడం నేర్పినాను. ఇప్పుడు వచ్చే మెయిళ్ళు అదే చదివి మార్గరెట్‌కు చెబుతున్నది, నాకన్నా త్వరగా చెబుతున్నది. ఇంతకు మించి నేను చేసినది ఏమీ లేదు. ఆ కుర్చీ అయినా నోరు మూసుకొని ఇచ్చినానా అంటే అదీ లేదు. మార్గరెట్‌ను కూర్చోబెట్టిన మీదట, తెర వంకకు వంగి, "ఈమె తండ్రిగారు..." అని మొదలుపెట్టినాను. ప్రణతి తన అరచేతితో నా నోరు మూసి, మిగిలినది అక్కడి తెరలో చూడమని, నన్ను వంటింట్లోకి తీసుకుపోయినది.